మీటరు మామగారి పేరు మీద ఉంది, సోలార్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: సార్, మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు రేకుల వసారా. మా ఆయన ఆటో తోలతారు. నేను వసారాలో మిషన్ కుడతాను. అత్తయ్య, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి బాబు ఉన్నారు. మామూలు నెలల్లో 180 యూనిట్లు, ఎండాకాలం నాలుగు నెలలూ 260 దాకా వస్తోంది. ఈమధ్య సోలార్ ఏజెంట్ ఒకాయన వచ్చి, 3 కిలోవాట్లకు 1,95,000, 2 కిలోవాట్లకు 1,35,000 అవుతుందని, 3 పెట్టించుకుంటేనే మేలని, గవర్నమెంటే డబ్బులిస్తుంది, మిగతాది లోన్ వస్తుంది, ఇప్పుడు కట్టే కరెంటు బిల్లే కిస్తీ అనుకోండని చెప్పాడు. ఆధార్ జిరాక్స్ తీసుకున్నాడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంటే, మా ఆయన ఇంట్లో లేరని చెప్పలేదు. బిల్లు ఆరేళ్ల క్రితం చనిపోయిన మా మామగారి పేరు మీదే వస్తోంది. స్లాబుకు చిల్లులు పెడితే ఉరుస్తుందని, తుపానుకు పలకలు ఎగిరిపోతాయని అత్తయ్య భయం. మేము బీసీలం. పక్క కాలనీలో ఎస్సీ కుటుంబాలకు ఉచితంగా పెడుతున్నారు, మాకెందుకు లేదు? ఖమ్మంలో మా చెల్లికి బిల్లే రాదట. రాత్రిళ్లు స్లాబు వేడికి పిల్లలు నిద్రపోవడం లేదు. అప్పు అంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఓటీపీ చెప్పకపోవడం చాలా మంచి పని. ఆయన మళ్లీ వచ్చినా చెప్పకండి. ఆ నంబరుతో మీ పేరున దరఖాస్తు తెరిచి, తనకు కావలసిన కంపెనీని, తనకు కావలసిన కిలోవాట్లను ఆయనే ఎంచేసుకోవచ్చు. తర్వాత మార్చుకోవాలంటే తిరగాల్సింది మీరు. దరఖాస్తు మీ ఫోన్‌లో, మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చేయండి. ఇంటర్ చదివే పిల్లకు అది అరగంట పని.

నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ సోలార్ పథకం మంచిదని నమ్ముతున్నాను. మీకూ పనికొస్తుంది. కానీ ఏజెంట్ చెప్పిన సైజులో కాదు, ఆయన చెప్పిన వరసలో అసలే కాదు.

ముందు పథకం సంగతి. దీని పేరు పీఎం సూర్య ఘర్. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలని కేంద్రం 75,021 కోట్లు కేటాయించింది. 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు గడువుంది. 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గానీ అంతకు మించి ఎంత పెట్టుకున్నా గానీ 78,000 సబ్సిడీ. ఈ మూడు అంకెలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై వేల చొప్పున ఇస్తున్న ప్రభుత్వం మూడోదానికి 18,000 మాత్రమే ఇస్తోంది. చిన్న ఇంటికి రెండు చాలన్నది కేంద్రం లెక్కలోనే కనిపిస్తోంది. మన రాష్ట్రం బీసీ కుటుంబాలకు దీనిపైన కిలోవాట్‌కు 10,000 చొప్పున, 20,000 వరకు అదనంగా ఇస్తామంది. అంటే 2 కిలోవాట్లకు మీకు రావలసింది 80,000. మూడో కిలోవాట్ మీద రాష్ట్రం నుంచి పైసా అదనం లేదు.

ఏజెంట్ చెప్పిన రేట్లతోనే లెక్క వేద్దాం. 2 కిలోవాట్లకు 1,35,000లో 80,000 పోతే మీ చేతి నుంచి 55,000. 3 కిలోవాట్లకు 1,95,000లో 98,000 పోతే 97,000. మూడో కిలోవాట్ కోసం మీరు అదనంగా పెట్టేది 42,000. దానివల్ల మీకు ఒరిగేది ఏమిటో తెలియాలంటే బిల్లు వెనక ఉన్న శ్లాబుల లెక్క, అంటే యూనిట్ల మెట్ల లెక్క తెలియాలి. ఇది మన వినియోగదారుల్లో నూటికి తొంభై మందికి ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

2025-26 టారిఫ్ (కరెంటు రేట్ల పట్టిక) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90. ఆ తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. మీరు వాడిన యూనిట్లన్నిటికీ ఒకే రేటు కాదు, మెట్లెక్కినట్టు పెరుగుతుంది. 180 యూనిట్ల నెలలో మీ కరెంటు ఛార్జీ 747 రూపాయలు. 260 యూనిట్ల నెలలో 1,323. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి వేరు. యూనిట్లు పెరిగింది 80, డబ్బులు పెరిగింది 576. ఎండాకాలం బిల్లు చూసి గుండె గుభేలుమనేది ఇందుకే. పై మెట్టు మీద ఉన్న యూనిట్లే ఇల్లు గుల్ల చేస్తాయి.

సోలార్ వచ్చిందనుకోండి. 1 కిలోవాట్ మన ప్రాంతంలో రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తుంది. ఆ 120 యూనిట్లూ మీ బిల్లులో పై మెట్టు నుంచి తీసేస్తూ వస్తాయి. 180 కాస్తా 60 అవుతుంది. 747 రూపాయలు 147 అవుతాయి. అంటే ఒక్క కిలోవాట్‌తోనే 600 తగ్గిపోయాయి. రెండో కిలోవాట్ మామూలు నెలల్లో తగ్గించగలిగేది మిగిలిన ఆ 147 మాత్రమే. అది కాస్త పని చూపించేది ఎండాకాలంలో. 260 నుంచి 120 తీసేస్తే 140 మిగులుతాయి. దాని ఛార్జీ 507. రెండో కిలోవాట్ దాన్ని కూడా దాదాపు తుడిచేస్తుంది.

ఏడాదికి చూస్తే, ఇప్పుడు మీరు కరెంటు ఛార్జీ కింద కట్టేది 11,270 దగ్గర. మొదటి కిలోవాట్ అందులో 8,065 మిగులుస్తుంది. రెండోది ఇంకో 3,050 దాకా. మూడోది? మిగిల్చడానికి దానికి దాదాపు ఏమీ లేదమ్మా. మిగులు కరెంటు గ్రిడ్‌లోకి, అంటే డిపార్ట్‌మెంట్ లైన్లలోకి పోతుంది, బిల్లులో సర్దుబాటు అవుతుంది నిజమే. కానీ అది మీరు కొనే రేటుకు అమ్ముడుపోయే సరుకు కాదు. ఆ ఆశతో 42,000 పెట్టకండి. ఇక 'బిల్లే కిస్తీ' అన్న మాట చూద్దాం. మీ కరెంటు ఛార్జీ నెలకు సగటున 940. 97,000 అప్పును 6 శాతం వడ్డీతో పదేళ్లకు సాగదీసినా కిస్తీ 1,077 వస్తుంది. అయిదేళ్లకైతే 1,875. ఏజెంట్ మాట ఏ లెక్కలోనూ కుదరదు. పైగా సోలార్ పెట్టాక కూడా ఫిక్స్‌డ్ ఛార్జీ వంటివి కడుతూనే ఉంటారు.

ఆయన్ను 1 కిలోవాట్‌కు ఎంతవుతుందని అడిగారా? అడిగి ఉండరు, ఆయనా చెప్పి ఉండడు. అడగండి. చిన్న సైజులో కిలోవాట్ రేటు కొంచెం ఎక్కువే పడుతుంది. 75,000 అన్నాడనుకుందాం. 30,000, 10,000 సబ్సిడీలు పోతే మీది 35,000.

ఇప్పుడు పిల్లల నిద్ర సంగతికి వస్తాను. ఉత్తరంలో చివర్న రాశారు గానీ, నా దృష్టిలో మొదటి ప్రశ్న అదే.

రాత్రి తొమ్మిదింటికి మంచం మీద నిలబడి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూడండి. ఎండాకాలంలో అయితే సెగ బాగా తెలుస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాగిన ఎండను సిమెంటు రాత్రంతా కక్కుతూనే ఉంటుంది. కింద ఫ్యాన్ తిరుగుతున్నా అది ఆ వేడిగాలినే తిప్పి తిప్పి మీ మీదకు తోస్తుంది. అందుకే ఫ్యాన్ అయిదు మీద పెట్టి రాత్రంతా ఆపరు, యూనిట్లు పెరుగుతాయి. బిల్లు సమస్య, నిద్ర సమస్య రెండూ పుట్టేది పైకప్పులోనే.

దీనికి మన పెద్దవాళ్లు చేసిన పనే ఇప్పటికీ మందు. డాబా మీద సున్నం. ఫిబ్రవరి చివర్లో స్లాబును చీపురుతో, నీళ్లతో శుభ్రంగా కడిగి, పగుళ్లుంటే సిమెంటు పూసి, ఆరాక సున్నంలో తెల్ల గమ్ము కలిపి రెండు మూడు పూతలు వేయండి. గమ్ము కలపకపోతే మొదటి వానకే కారిపోతుంది. తెల్లటి కప్పు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. ఇంట్లో రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తేడా కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం అని ప్రత్యేకంగా ఒకటి తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. మీ ఇంటికి అయ్యే ఖర్చు మాత్రం వందల్లోనే. మీ ఆయన, బాబు కలిసి ఒక ఆదివారం చేసేస్తారు. వసారా రేకుల మీద కూడా వేయండి. పగలంతా మిషన్ ముందు కూర్చునేది మీరు. రేకుల మీదకు ఎక్కి నడవొద్దు. నిచ్చెన వేసుకుని పొడుగు కర్ర బ్రష్‌తో వేయించండి. సిమెంటు రేకు కాలు పెడితే పుటుక్కున విరుగుతుంది.

తర్వాత ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్లని వస్తున్నాయి, రిమోట్‌తో. అదే గాలికి 30 వాట్లు చాలు. నెలకు 13, 14 యూనిట్లు. ఒక్కోటి 2,800 నుంచి 3,500 మధ్య ఉంటుంది. ఫ్యాన్లన్నీ మార్చనవసరం లేదు. పడకగదిలోది, వసారాలో మీ నెత్తిన తిరిగేది, ఈ రెండే మార్చండి. నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి. మామూలు నెలలో ఆ నలభై 6 రూపాయల మెట్టు మీదివి కాబట్టి 240 మిగులు. ఎండాకాలంలో 8.75 మెట్టు నుంచి దిగుతారు కాబట్టి 336. ఏడాదికి 3,200 పైన. ఫ్యాన్ల ఖర్చు ఇంచుమించు రెండేళ్లలో వచ్చేస్తుంది.

చూశారా, రెండో కిలోవాట్ ఏడాదికి మిగిల్చేది 3,050 దాకా, రెండు ఫ్యాన్లు మిగిల్చేదీ ఇంచుమించు అంతే. ఒకదానికి మీ వాటా 20,000, ఇంకోదానికి 6,000. ఫ్యాన్లు మార్చాక మీ వాడకం 140కి, ఎండాకాలం 220కి దిగుతుంది. అప్పుడు 1 కిలోవాట్ పెడితే మామూలు నెలల్లో ఛార్జీ 40 రూపాయల్లోపు, ఎండాకాలంలో 300 చిల్లర. అంతకు మించి ఎంత పెట్టినా మిగిలేది కొంచెమే. కాబట్టి నా సలహా ఇది: ఫ్యాన్లు మార్చి 1 కిలోవాట్‌తో సరిపెట్టుకోండి. ఒకవేళ ఇంకో మోటారు మిషన్ కొని పని పెంచుకోవడం ఖాయమైతేనో, అమ్మాయి చదువుకు కంప్యూటరు, కూలరు వచ్చే ఏడాదే కొనేటట్టయితేనో 2 పెట్టించండి. 3 మాట మరిచిపోండి.

సున్నం, ఫ్యాన్ల పని ఎప్పుడు చేయాలంటారా? మీటరు పేరు మారేలోపు. ఎలాగూ అది అయ్యేదాకా సోలార్ దరఖాస్తు ముందుకు కదలదు. దరఖాస్తు చేసేవాళ్ల పేరు, కరెంటు బిల్లు మీద పేరు, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా పేరు ఒకటే అయి ఉండాలి. మామగారి పేరు మీద కరెంటు సర్వీసు (మీటరు కనెక్షన్) పెట్టుకుని కొడుకు ఖాతాలోకి సబ్సిడీ రమ్మంటే రాదు. ఏజెంటు 'అది మేం చూసుకుంటాంలే' అంటాడు. వాళ్లు చూసుకునేది బిగించి డబ్బు తీసుకునే వరకే. ఆగిన సబ్సిడీ కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది మీరు. నేను సర్వీసులో ఉండగా చూసిన పేరు మార్పు ఫైళ్లలో సగానికి సగం ఇలాంటివే. మనిషి పోయి పదేళ్లయినా బిల్లు ఆయన పేరుతోనే వస్తూ ఉంటుంది. ఏదో ఒక అవసరం వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు.

కరెంటు సర్వీసు మీ ఆయన పేరుకు మార్పించండి. మామగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, ఆధార్ కావాలి. బాకీ లేకుండా బిల్లు కట్టి ఉండాలి. అత్తయ్య, మీ ఆయనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లు, అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాలి. ఇది ఫోన్‌లో అడిగే విషయం కాదు, ఇంటికి పిలిచి భోజనం పెట్టి నిదానంగా చెప్పండి. మీటరు పేరు మారితే ఇల్లు రాసిచ్చినట్టు కాదని వాళ్లకు ముందే చెప్పండి. చాలాచోట్ల గొడవ అక్కడే మొదలవుతుంది. మీ ఊరి సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు. ముందు ఆయన్ను కలవండి. ఆయన చెప్పినట్టు సచివాలయంలో గానీ కరెంటు సెక్షన్ ఆఫీసులో గానీ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కుల ధ్రువపత్రం కూడా మీ ఆయన పేరున సిద్ధంగా పెట్టుకోండి. బీసీలకు రాష్ట్రం ఇచ్చే అదనపు సబ్సిడీ ప్రస్తుతం ఏ పద్ధతిలో, ఏ ఖాతాలో వేస్తున్నారో సెక్షన్ ఆఫీసులో ఏఈని అడిగి తెలుసుకున్నాకే కంపెనీతో సంతకం పెట్టండి. ఆ డబ్బు లెక్కలో ఉంటే ఒక సైజు, లేకపోతే ఒక సైజు అవుతుంది మీ అప్పు.

పేరు మారాక పీఎం సూర్య ఘర్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. సందేహాలకు 15555 హెల్ప్‌లైన్ ఉంది. పోర్టల్‌లో నమోదైన కంపెనీల జాబితాలోంచి కనీసం ముగ్గురిని పిలిచి కొటేషన్ రాయించుకోండి. నోటిమాట వద్దు. 10 కిలోవాట్ల లోపు వాటికి టెక్నికల్ పరిశీలన లేకుండానే అనుమతి వచ్చినట్టుగా భావించాలని 2024లో నిబంధన మార్చారు. కాబట్టి 'పర్మిషన్‌కు ఖర్చవుతుంది' అని ఎవరైనా చెయ్యి చాపితే నమ్మకండి. బిగించాక నెట్ మీటరు (ఇంట్లోకి వచ్చే కరెంటును, గ్రిడ్‌లోకి పోయేదాన్ని రెండిటినీ లెక్కించేది) పెట్టి, తనిఖీ చేసి, రిపోర్టు పోర్టల్‌లో ఎక్కిస్తారు. అక్కడి నుంచి 30 రోజుల్లో కేంద్రం సబ్సిడీ ఖాతాలో పడాలి. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి. వాటిని డీసీఆర్ ప్యానెళ్లంటారు. కొటేషన్‌లో ఆ మాట రాయించండి. బయటి సరుకు బిగిస్తే సబ్సిడీ రాదు. ప్యానెల్ వెనక స్టిక్కరు మీద సీరియల్ నంబరు ఉంటుంది. పైకి ఎక్కించక ముందే ఒక్కోదాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి.

అప్పు గురించి టెన్షన్ అన్నారు. ప్రభుత్వ బ్యాంకుల్లో ఈ పథకానికి తాకట్టు లేకుండా ఇస్తున్నారు. వడ్డీ 6 శాతం దగ్గరకు దిగింది. ఖర్చులో పది శాతం మీరు పెట్టుకోవాలి. సబ్సిడీ వచ్చాక అది అప్పులోకి జమ అవుతుంది. 1 కిలోవాట్‌కు మిగిలే 35,000ను అయిదేళ్లలో తీరిస్తే నెలకు 677. ఫ్యాన్లు మార్చాక సోలార్ వల్ల మిగిలేది సగటున 540 అవుతుంది కాబట్టి నెలకు నూట నలభై దాకా చేతి నుంచి వేయాలి, ఫ్యాన్ల మిగులు దానికి సరిపోతుంది. ఎటూ కాకుండా వెయ్యి, పదిహేను వందల కిస్తీ నెత్తిన పెట్టుకుంటేనే కష్టం. కంపెనీ వాళ్లే ఇప్పిస్తామనే ప్రైవేటు ఫైనాన్స్ మాత్రం వద్దు. డ్వాక్రా సంఘంలో మీకు పొదుపు ఉంటే ఆ పది శాతం అక్కడి నుంచి తీసుకోవచ్చు.

అత్తయ్యగారి భయాలు రెండూ న్యాయమైనవే. స్లాబుకు మేకులు దించి బోల్టులు వేస్తే, ఆ చుట్టూ సరిగ్గా పూడ్చకపోతే, నిజంగానే ఉరుస్తుంది. అందుకే చిల్లులు లేకుండా స్లాబు మీద కాంక్రీటు దిమ్మలు పోసి, వాటిలో స్టాండు కాళ్లు దించమనండి. పాత స్లాబు అయితే దిమ్మలు మధ్యలో కాకుండా కింద గోడలున్న చోట వచ్చేటట్టు చూసుకోండి. ఇక తుపాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఊళ్లో స్టాండు ఎత్తు పెంచి కింద నీడలో బట్టలారేసుకుందామని ఆశపడకండి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి కిందనుంచి దూరి పైకి లేపుతుంది. నడుము ఎత్తు లోపు, దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో ఉంటే చాలు. ఉప్పుగాలి తగిలే చోటు కాబట్టి స్టాండు వేడి జింకులో ముంచి తీసిన ఇనుముతో చేసినదై ఉండాలి. పెయింటు వేసిన మామూలు యాంగిల్ అయితే రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది. వసారా రేకుల మీద మాత్రం ఎవరు చెప్పినా పెట్టనివ్వకండి.

నీడ విషయం ఒకటి చెప్పాలి. మా తోడల్లుడి ఇంటి మీద సోలార్ పెట్టిన ఏజెన్సీ వాళ్లు వైరు కలిసొస్తుందని ప్యానెళ్లను వాటర్ ట్యాంకు పక్కనే బిగించి వెళ్లారు. నేను చూడటానికి వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. ట్యాంకు నీడ చివరి ప్యానెల్‌కు ఓ మూల, చాప వెడల్పున పడింది, అంతే. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) మీద అంకె చూస్తే సగానికి సగం పడిపోయి ఉంది. ప్యానెళ్లను దండలా వరసగా కలుపుతారు. ఒకదాని మీద నీడ పడితే మిగతావాటినీ అది వెనక్కి లాగుతుంది. ఆ ఏజెన్సీ చేత మళ్లీ మార్పించుకోవడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. మీరు ముందే ఒక రోజు ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, నాలుగింటికి డాబా ఎక్కి, ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో సుద్దతో గీత గీయండి. 1 కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు చాలు. వీలైతే పడకగది పైన వచ్చేటట్టు పెట్టించండి. ప్యానెల్ నీడ ఆ స్లాబుకు గొడుగు పట్టినట్టు ఉంటుంది. దాని కిందా సున్నం ముందే వేసేయండి, తర్వాత చీపురు కూడా దూరదు.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. లైన్‌లో కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది, ఎంత ఎండ కాస్తున్నా. లైను మీద పనిచేసే మనిషికి మీ ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగలకూడదని అలా తయారు చేశారు. స్తంభం మీద ఉండే కుర్రాడి ప్రాణం అది. కాబట్టి తుపాను రోజుల్లో సోలార్ ఉంది కదా అని నమ్ముకోవద్దు. బ్యాటరీ పెట్టిస్తే వేరు గానీ ఖర్చు బాగా పెరుగుతుంది, మీకు వద్దు. ప్యానెళ్లను పదిహేను రోజులకోసారి పొద్దున్నే మామూలు నీళ్లతో కడగండి. ఎండలో కాగుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు. అయిదేళ్లు మరమ్మతులు కంపెనీదే బాధ్యత. ఆ కాగితం బీరువాలో ఉండాలి.

కాలనీ వాళ్లకు ఉచితం, మాకెందుకు లేదన్నారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా రాష్ట్రం ఎప్పటినుంచో ఉచితంగా ఇస్తోంది, ఆ డబ్బు ఏటా డిస్కమ్‌లకు (కరెంటు పంపిణీ సంస్థలకు) కడుతోంది. ఇప్పుడు వాళ్ల కప్పుల మీద 2 కిలోవాట్లు పెడితే ఆ ఖర్చు తగ్గుతుంది. వాళ్లకిచ్చినందువల్ల మీకు రావలసింది ఏమీ తగ్గలేదు. పైగా వాళ్ల ఇళ్ల మీద బిగింపు ఎలా చేశారో, దిమ్మలెలా పోశారో వెళ్లి చూడండి, అడగండి. మీ ఊళ్లోనే పాఠం చెప్పే ఇళ్లు అవి. మీ చెల్లిది తెలంగాణ గృహజ్యోతి. 200 యూనిట్ల లోపు బిల్లు లేదు కాబట్టి ఆమెకు సోలార్ లెక్క వేరు. ఆమెకు మాత్రం ఒక మాట చెప్పండి, 200 దాటకుండా ఉండటానికి డాబా మీద సున్నం, ఆ రెండు ఫ్యాన్లు ఆమెకూ పనికొస్తాయి.

మీటరు గృహ కేటగిరీలోనే ఉందో లేదో బిల్లు మీద చూసుకోండి. వసారాకు విడిగా కమర్షియల్ మీటరుంటే దానికి ఈ సబ్సిడీ వర్తించదు.

మామగారి మరణ ధ్రువపత్రం ఏ పెట్టెలో ఉందో అత్తయ్యను అడిగి ఈరోజే తీయించండి. అది, ఇంటి పన్ను రసీదు, పోయిన 12 నెలల బిల్లులు ఒకే కవరులో పెట్టుకుని సోమవారం సచివాలయానికి మీరూ, మీ ఆయనా కలిసి వెళ్లండి. పేరు మారిన బిల్లు చేతికొచ్చాక, మూడు కొటేషన్లూ నాకు పంపండి. సంతకం పెట్టేముందు ఒకసారి చూసి చెబుతాను.